వాన నీళ్ల ట్యాంకు: వెయ్యి నుంచి ఐదు వేల లీటర్ల దాకా, సంపుతో సహా, ఏది ఎన్నాళ్లు వస్తుంది?

దుకాణంలో ట్యాంకు అడగ్గానే "ఎన్ని లీటర్లది?" అంటారు. మన దగ్గర జవాబు కూడా అలవాటుగా వచ్చేస్తుంది: "వెయ్యి లీటర్ల సింటెక్సు." సింటెక్స్ ఒక కంపెనీ పేరే అయినా నల్లగా, గుండ్రంగా ఉన్న ప్రతి ట్యాంకూ మనకు సింటెక్సే. బోరు నీళ్లకైతే ఆ వెయ్యి చాలు. సాయంత్రానికి ఖాళీ అయితే పొద్దున మళ్లీ మోటరు వేసుకుంటాం. వాన నీళ్లకు మోటరు లేదు. అక్టోబరు నడుమ ఆఖరి వాన పడిందంటే మళ్లీ జూన్ నడిమి దాకా చుక్క రాదనే అనుకోవాలి. అంటే 240 రోజులు. ట్యాంకు సైజు తేల్చేది ఈ 240 రోజులే తప్ప మిద్దె విస్తీర్ణం కాదు, దుకాణంలో ఉన్న స్టాకు అసలే కాదు.

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారంతో పడే వానలను లెక్కలోకి తీసుకోవద్దు. అవి మిద్దె మీది దుమ్ము కడిగి పోతాయి, అంతే.

మిద్దె లెక్క ఒక్కసారి చూస్తే చాలు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 1000 చదరపు అడుగుల శ్లాబు అంటే 93 చదరపు మీటర్లు. తడికి, ఆవిరికి, చిందేదానికి ఐదో వంతు తీసేద్దాం. నల్లగొండ వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే 52 వేల లీటర్లు, పాలమూరు వైపు 600 పడితే 45 వేల దాకా వస్తాయి. కరువొచ్చి 400 మిల్లీమీటర్లే పడినా 30 వేలకు దగ్గర. 300 చదరపు అడుగుల చిన్న రేకుల ఇంటికి కూడా అలాంటి ఏడాదిలో 9 వేల లీటర్లు దిగుతాయి. కాబట్టి "మా ఇల్లు చిన్నది, నీళ్లు ఏం నిండుతాయి" అన్న బెంగ అక్కర్లేదు. నీళ్లు వస్తాయి. వాటిని పట్టుకునే చోటే లేదు.

ఆ నీళ్లు ఎందుకు వాడతారన్నది అసలు ప్రశ్న. తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్క పెట్టుకుంది. అదే లెక్కన నలుగురికి 240 రోజులకు 96 వేల లీటర్లు కావాలి. అంత ట్యాంకు కట్టేబదులు ఇంకో గది వేసుకోవచ్చు. స్నానాలకు, బట్టలకు, బాత్రూముకు వాన నీళ్లు దాచడం దండగ. వాటికి బోరు ఉంది, నల్లా ఉంది. తాగడానికి, వంటకు మాత్రమే అనుకుంటే మనిషికి రోజుకు 6 లీటర్లు, నలుగురికి 24, మొత్తం 240 రోజులకు 5760 లీటర్లు. చేతికి అందే లెక్క ఇది. ఫ్లోరైడ్ బోర్లున్న మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఇండ్లకు పనికొచ్చే లెక్క కూడా ఇదే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పరవాలేదని భారత ప్రమాణం చెబుతుంది. వాన నీళ్లలో అది దాదాపు ఉండదు. కాచితే పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇక ట్యాంకుల సంగతి. కింద చెప్పిన కొలతలు కంపెనీని బట్టి రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ అవుతాయి. ఏ ట్యాంకులోనూ రాసిన లీటర్లన్నీ వాడుకోలేం. అడుగున మడ్డి కోసం 4 అంగుళాలు వదలాలి, పైన ఓవర్‌ఫ్లో పైపు (నిండాక పొర్లే నీళ్లు బయటికి పోయే పైపు) కోసం ఇంకో 4 అంగుళాలు పోతాయి.

1000 లీటర్లు: మూడున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. వాడకానికి చిక్కేది 820 లీటర్లు. 14 మిల్లీమీటర్ల వానకే నిండిపోతుంది, అంటే ఆషాఢంలో ఒక్క మంచి వాన చాలు. నిండగానే ఇల్లంతా సంబరపడుతుంది, వచ్చిన చిక్కే అది. నలుగురున్న ఇంట్లో అక్టోబరు 15 నుంచి మొదలుపెడితే 34 రోజులు వస్తుంది, నవంబరు 18కి అడుగు కనిపిస్తుంది. మొక్కలకు, బండి కడగడానికి బాగుంటుంది. తాగునీటికి కొనొద్దు.

2000 లీటర్లు: వాడకానికి 1700. డెబ్భై రోజులు, క్రిస్మస్ దాకా. భగీరథ నల్లా రోజూ వచ్చే ఊళ్లో, పైపులైను పగిలి నాలుగు రోజులు నీళ్లు బందైనప్పుడు ఆదుకోవడానికి ఇది సరైన సైజు. 2015లో చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్ కట్టిన నాటికీ ఇప్పటికీ చాలా ఊళ్ల పరిస్థితి మారింది. నల్లాలో కృష్ణా నీళ్లు నిలకడగా వస్తుంటే ఇంతకన్నా పెద్దది కొనడం అనవసరం.

5000 లీటర్లు: చూడ్డానికి ఘనంగా ఉంటుంది. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు. చిక్కేది 4450 లీటర్ల దాకా, 185 రోజులు. ఏప్రిల్ మూడో వారంలో, సరిగ్గా ఎండ ముదిరే వేళకు చేతులెత్తేస్తుంది. ఇంకో తిప్పలు కూడా ఉంది: ఇది గేటులో పట్టదు. పాత పాలమూరు గల్లీల్లో ఆటో ట్రాలీ మీద తెచ్చి ఇంటి ముందు దించాక, ప్రహరీ మీదుగా తాళ్లతో ఎక్కించాల్సి వస్తుంది. కొనేముందు టేపుతో కొలవాల్సింది ట్యాంకును కాదు, గేటును.

3000 లీటర్లవి రెండు: ఒక్కోటి ఐదడుగుల వెడల్పు, ఐదున్నర ఎత్తు. రెండింటికీ కలిపి 5260 లీటర్లు వాడుకోవచ్చు, 219 రోజులు. మే నాలుగో వారం దాకా లాగుతాయి. ఆ తర్వాత రోహిణి కార్తెతో కలిపి మూడు వారాలు క్యాన్ నీళ్లు కొనుక్కోవాలి, లేదా ముందునుంచే రోజుకు రెండు లీటర్లు తగ్గించుకోవాలి. ముగ్గురే ఉన్న ఇంట్లో ఆ కొరతా రాదు. ఒక్క 6000 ట్యాంకు కన్నా రెండు 3000లే మేలని గట్టిగా చెప్పొచ్చు. ఒకదాంట్లో బల్లి పడినా, మూత ఎగిరిపోయి పాచి పట్టినా రెండోది మిగులుతుంది. ఒకటి కడిగేటప్పుడు ఇంకోదాంట్లోంచి తాగొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకుల్లో మా ఓటు దీనికే. ధర పొరలను బట్టి, బ్రాండును బట్టి లీటరుకు సుమారు 6 నుంచి 10 రూపాయలు పడుతుంది. రెండు చిన్నవి కొంటే ఒక పెద్దదాని కన్నా కాస్త ఎక్కువే అవుతుంది, అయినా సరే.

ఏ ప్లాస్టిక్ ట్యాంకు కొన్నా దాని మీద ఐఎస్ఐ గుర్తు, పక్కన ఐఎస్ 12701 అన్న అంకె ఉందో లేదో చూడండి. ఈ రకం ట్యాంకుల ప్రమాణం అది. మూత తీసి లోపల తలపెట్టి, మూత కన్నం చేత్తో మూసి ఒక నిమిషం చూడాలి. లోపల వెలుతురు మసగ్గా కనిపిస్తే ఆ గోడలోంచి ఎండ దిగుతుంది, దిగితే పాచి పడుతుంది. బయట నలుపు, లోపల తెలుపు ఉన్న మూడు పొరల ట్యాంకులో ఆ బాధ తక్కువ.

ఇల్లు కొత్తగా కట్టుకునేవాళ్లకు ప్లాస్టిక్ కన్నా సంపు మేలు. లోపలి కొలత 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 లోతు పెట్టి, పైన 9 అంగుళాలు వదిలితే 7100 లీటర్లు నిలుస్తాయి. నలుగురికి సరిపోయి నెలన్నర మిగులు ఉంటుంది, చుట్టాలొచ్చినా భయం లేదు. నీడలో ఉంటుంది కాబట్టి మేలో కూడా నీళ్లు చల్లగా ఉంటాయి. కానీ నేలను బట్టి కష్టం మారుతుంది. చల్క నేలల్లో నాలుగైదు అడుగులకే బండ తగలొచ్చు. అప్పుడు లోతు తగ్గించి పొడవు పెంచుకోవడమే మంచిది, బండ కొట్టించే ఖర్చుతో ఇంకో ట్యాంకు వస్తుంది. రేగడిలో ఇంకో రకం చిక్కు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, గోడను అటూ ఇటూ నెడుతుంది. ఇటుక గోడ సంపు రేగడిలో రెండు మూడు ఎండాకాలాలకే చీలుతుంది. అక్కడ సలాకలు పెట్టి కాంక్రీటు గోడే పోయించాలి, చుట్టూ అడుగు మందాన మొరం నింపాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల పక్కన ఇల్లయితే, నేలలో నీరు పైకే ఉంటుంది. ఖాళీ సంపును ఆ నీరు అడుగునుంచి పైకి ఎత్తే ప్రమాదం ఉంది. కడగడానికి పూర్తిగా తోడేసి వారం రోజులు వదిలేయొద్దు.

సంపు కట్టాక మేస్త్రీకి లెక్క ముట్టజెప్పేముందు ఒక పరీక్ష పెట్టాలి. నిండా నింపి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గోడ మీద మేకుతో గీత గీసి, మూత వేసి 24 గంటలు వదలాలి. కొత్త గోడ మొదటి రోజు కొంత నీరు పీల్చుకుంటుంది కాబట్టి రెండో రోజు గీతే అసలు లెక్క. ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 45 లీటర్లు పోయినట్టు, అంటే ఇంటిల్లిపాదికి దాదాపు రెండు రోజుల తాగునీళ్లు. "అది ఆవిరయిందండీ" అంటే ఒప్పుకోవద్దు, మూసిన సంపులో అంత ఆవిరి పోదు. ఎక్కువగా కారేది గోడా అడుగూ కలిసే మూల దగ్గర. అక్కడ మూలను సిమెంటుతో గుండ్రంగా పూసి, ఆ తర్వాతే రెండు పూతల ప్లాస్టరు కొట్టించాలి. తర్వాత రెండు మూడు సార్లు నింపి పారబోస్తే గానీ కొత్త సిమెంటు రుచి పోదు.

సిమెంటు ఉంగరాలు చవక, ఊళ్లోనే దొరుకుతాయి. ఐదడుగుల వెడల్పు, అడుగు ఎత్తున్న ఉంగరానికి 556 లీటర్లు; ఆరు పేరిస్తే 3300 దాటుతుంది. భూమిలో దింపితే బాగానే ఉంటాయి. భూమిపైన నిలబెడితే మాత్రం అట్టడుగు ఉంగరం మీద ఒత్తిడి పడి, సలాక లేనిదైతే నిలువునా పగులుతుంది. నాలుగుకు మించి పైన పేర్చొద్దు. అతుకుల దగ్గర చెమ్మ ఎప్పటికప్పుడు చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఇవి.

ప్లాస్టిక్ ట్యాంకును గుంత తీసి పూడ్చేవాళ్లూ ఉన్నారు. మామూలు ట్యాంకు లోపలి నీటి ఒత్తిడికి తట్టుకునేలా చేస్తారు, బయటి మట్టి ఒత్తిడికి కాదు. వేసవిలో ఖాళీ అవగానే పక్క గోడ లోపలికి సొట్టపోతుంది. అలాగే పోర్టికో శ్లాబు మీద పెద్ద ట్యాంకు పెట్టొద్దు. ఇండ్ల శ్లాబుకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్క కడతారు. ఐదు వేల లీటర్ల ట్యాంకు నిండితే అదే చదరపు మీటరు మీద 1900 కిలోలు కూర్చుంటాయి.

సైజు సరిగ్గా ఎంచుకున్నా పాడయ్యేది ఎక్కువగా అమరికలోనే. కింద దిమ్మె ట్యాంకు కన్నా అన్ని పక్కలా ఆరంగుళాలు వెడల్పుగా, చదునుగా, కింద బిందె పట్టేంత ఎత్తుగా ఉండాలి. నాలుగు ఇటుకల మీదో, కంకర మీదో కూర్చోబెడితే అడుగు భాగం ఆనని చోట పగులుతుంది, ఆ పగులుకు అతుకు నిలవదు. ఇనుప పైపును ట్యాంకు నిపిల్‌కు నేరుగా బిగించి గాల్లో వేలాడదీసినా అంతే, పైపు బరువుకు నిపిల్ చుట్టూ చీలుతుంది.

ఓవర్‌ఫ్లో దగ్గర జరిగే పొరపాటు మరీ మామూలు. మిద్దెనుంచి 4 అంగుళాల పైపు తెచ్చి లోపలికి వదులుతారు, బయటికి పోవడానికి మాత్రం కంపెనీ ఇచ్చిన ఒక అంగుళం కన్నం ఉంచేస్తారు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరున వాన కొడితే 1000 చదరపు అడుగుల శ్లాబు నుంచి నిమిషానికి 74 లీటర్లు దిగుతాయి. అంగుళం కన్నం అంత మోయలేదు. నీళ్లు మూతను నెట్టుకుని పైనుంచి పొర్లి, దిమ్మె పక్క మట్టిని కోసుకుపోతాయి. రెండు వానలకు దిమ్మె ఒరుగుతుంది. లోపలికి ఎంత పైపో బయటికీ అంతే పెట్టి, దాన్ని ఇంకుడు గుంతలోకి తిప్పాలి. ఆ పైపు చివర సన్నటి జాలీ కట్టడం మరవొద్దు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచి నీళ్లలోనే.

మొదటి వాన నీళ్లను పక్కకు మళ్లించే కిట్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి. చాలావాటిలో ఉండేది ఒక మీటరు 4 అంగుళాల పైపు, కింద మూత, లోపల బంతి. అందులో పట్టేది ఎనిమిదిన్నర లీటర్లు. మిద్దె మీది పావురాల రెట్ట, దుమ్ము కడిగిపోవాలంటే కనీసం ఒక మిల్లీమీటరు వాన వదలాలి, మన శ్లాబుకు అది 93 లీటర్లు. పదో వంతు కూడా చేయని కిట్టుకు డబ్బులు పోయొద్దు. అదే పద్ధతిలో 100 లీటర్ల డ్రమ్ము కట్టుకోవచ్చు. లేదా పైపుకు ఒక టీ (మూడు దారుల పైపు ముక్క) వేసి, కింద వాల్వు పెట్టి, వాన మొదలవగానే పది నిమిషాలు తెరిచి ఉంచితే సరి. ఇంట్లో మనిషి ఉంటే వాల్వే నయం, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

ఫిల్టరు డ్రమ్ముల్లో అడుగున 40 ఎంఎం కంకర, దానిమీద 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక వేస్తారు. సన్న ఇసుక వేస్తే నీళ్లు దిగక, జోరు వానంతా డ్రమ్ము అంచుమీదుగా పోతుంది. విసుగొచ్చి ఇసుకే తీసేస్తారు, ఆ తర్వాత ఫిల్టరు ఉన్నా లేనట్టే. దొడ్డు ఇసుక ఆరంగుళాలు చాలు. దాన్ని ఏటా రోహిణి కార్తెలో తీసి కడిగి ఎండబెట్టాలి. గోడకు బిగించే జాలీ ఫిల్టర్లు కొంటే డబ్బా మీద నిమిషానికి ఎన్ని లీటర్లో రాసి ఉండాలి. 74 కన్నా తక్కువైతే మన శ్లాబుకు పనికిరాదు.

మిద్దె మీద మిరపకాయలు ఎండబోసే ఇండ్లు, కోళ్లు తిరిగే ఇండ్లు వానాకాలం నాలుగు నెలలు ఆ అలవాటు మార్చుకోవాలి. పత్తి చేలకు ఆనుకుని ఉన్న ఇల్లయితే మందు కొట్టిన రోజుల్లో వాల్వు తెరిచే ఉంచండి. పాత సిమెంటు రేకుల నుంచి పొడి రాలుతుంటే ఆ నీళ్లు తాగడానికి వద్దు.

ట్యాంకును మృగశిర నాడే నింపి దాచాలని తొందర పెట్టుకోవద్దు. వానాకాలమంతా వాడుతూ నింపుతూ ఉండి, ఉత్తర, హస్త కార్తెల వానలకు నిండుగా ఉండేలా చూసుకుంటే చాలు. చివరిసారి నిండాక వెయ్యి లీటర్లకు 4 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు, ముందు ఒక చెంబు నీళ్లలో కలిపి తేరిన నీటిని మాత్రమే పోయాలి. పాత పౌడరులో మందు సత్తువ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ట్యాంకు తగ్గిందని బోరు నీళ్లు అందులో కలపొద్దు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు సగానికి సగం కలిపితే మొత్తం 1.5 అవుతుంది, ఇన్ని నెలలు దాచిందంతా వృథా.

రెండు 3000 ట్యాంకులు పెట్టుకున్న ఇంట్లో మొదటిది తెరిచినరోజు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. నలుగురికి రోజుకు 24 లీటర్ల చొప్పున అది ఫిబ్రవరి మొదటి వారం దాకా రావాలి. సంక్రాంతికే రెండోదాని మూత తీయాల్సి వచ్చిందంటే ట్యాంకు కారుతోందని అనుకునేముందు, గిన్నెలు కడగడానికి ఎవరు పట్టుకెళ్తున్నారో చూడండి.